నాటుకోడి పులుసు సరుకులు: ఏది రైతు దగ్గర కొనాలి, ఏది షాపులో తెచ్చుకున్నా చాలు

మూడేళ్ల కిందట దసరాకి, మా ఇంటికి దగ్గర్లోని ఒక చికెన్ షాపులో "ఒరిజినల్ నాటుకోడి" అన్న బోర్డు చూసి కిలోన్నర తెచ్చాను. పొయ్యి మీద పెట్టిన ఇరవై నిమిషాలకే ముక్క ఎముకను వదిలేసింది. పులుసు మాత్రం పల్చగా నీళ్లలాగే ఉండిపోయింది. కారం, మసాలా ఎంత దట్టించినా మా అమ్మమ్మ ఇంట్లో తిన్న రుచి దరిదాపుల్లోకి కూడా రాలేదు. అప్పటికి బాయిలర్ కోడికి ఇచ్చేదానికి రెండింతలు పైగా డబ్బు ఇచ్చాను.

అమ్మమ్మ వాళ్లది పల్నాడు వైపు పల్లె. కోడి పెరట్లో తిరిగేది, మిరపకాయలు ఏడాదికోసారి కల్లం నుంచి వచ్చేవి, చింతపండు కుండలో ఉండేది. ఏది ఎక్కడ కొనాలన్న ప్రశ్నే ఆమెకు రాలేదు. హైదరాబాద్‌లో ఉంటున్న నాకు ప్రతి సరుకుకీ నాలుగైదు దారులున్నాయి, అన్నిటి మీదా "నాటు", "పల్లె", "ఆర్గానిక్" అనే రాసి ఉంటుంది. ఆ దసరా తర్వాత ఒక్కో సరుకు గురించీ రైతులను, దుకాణదారులను అడుగుతూ, కొని వండి చూస్తూ వచ్చాను. కోడికీ, కారానికీ రైతు దాకా వెళ్లడం తప్పనిసరి. చింతపండుకు వెళ్తే మంచిది. మిగతావాటికి అంత తిరగక్కర్లేదు. నాకు తేలింది ఇది.

కోడి

నాటుకోడి అనగానే అందరూ అడిగేది జాతి. అసలు అడగాల్సింది వయసు. పులుసుకు చిక్కదనం వచ్చేది ఎముకల నుంచి, కీళ్ల నుంచి, చర్మం నుంచి. రెండు నెలల కోడిలో ఆ సత్తువ ఇంకా ఏర్పడదు, అది ఏ జాతిదైనా సరే. పులుసుకు ఆరు నుంచి పది నెలల మధ్య కోడి కావాలి. నాలుగు నెలల లోపుదైతే ఇగురుకో వేపుడికో బాగుంటుంది. ఏడాదిన్నర దాటిన పుంజు పులుసు చాలా గొప్పగా ఉంటుంది కానీ కుక్కర్ లేకుండా ఉడకదు, పళ్లు గట్టిగా ఉన్నవాళ్లకే అది.

ఇప్పుడు మార్కెట్లో నాటుకోడి పేరుతో దొరికేవి ఏమిటో చూద్దాం.

మొదటిది నిజంగా పెరట్లో పెరిగిన కోడి. పల్లెల్లో ఇంటింటికీ పదో ఇరవయ్యో ఉంటాయి. గింజలు, పురుగులు, గడ్డి, ఇంట్లో మిగిలిన అన్నం తిని తిరుగుతాయి. కిలోన్నర తూగడానికి ఐదారు నెలలు పడుతుంది. మన దగ్గర అసీల్ జాతి రక్తం కలిసినవే ఎక్కువ. డేగ, కాకి, నెమలి, సేతువ అని జనం పిలిచేవి ఈకల రంగును బట్టి పెట్టిన పేర్లే, రుచికీ వాటికీ సంబంధం లేదు. డేగ అని చెప్పి ఎక్కువ అడిగితే ఇవ్వకండి. పులుసుకు నా మొదటి ఎంపిక ఎప్పుడూ పెరటి కోడే.

రెండోది వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలు. ఇవి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో పెరటి పెంపకం కోసమే తయారైన రకాలు. రంగురంగుల ఈకలతో చూడటానికి నాటుకోడిలాగే ఉంటాయి, దాని కంటే త్వరగా పెరుగుతాయి. గ్రామప్రియ ముఖ్యంగా గుడ్ల కోసం, వనరాజా గుడ్లకూ మాంసానికీ. నాటు కాదని వీటిని తీసిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆరుబయట తిరిగి ఐదు నెలలు దాటిన వనరాజా పుంజు పులుసు పెరటి కోడికి ఒక్క మెట్టు మాత్రమే తక్కువ. చిన్న రైతులు, పల్లె ఆడవాళ్లు వీటిని పెంచి నాలుగు డబ్బులు చూస్తున్నారు. "ఇవి వనరాజాలండీ" అని నిజం చెప్పి అమ్మే రైతు దొరికితే వదులుకోకండి.

మూడోది సోనాలి. సిటీ షాపుల్లో ఎర్రటి ఈకలతో, ఒకే సైజులో, బుట్టల నిండా కనిపించేవి ఎక్కువగా ఇవే. బంగ్లాదేశ్‌లో రోడ్ ఐలాండ్ రెడ్ పుంజునూ, ఈజిప్టు ఫయౌమీ పెట్టనూ కలిపి తెచ్చిన రకం ఇది. షెడ్లలో దాణా వేసి రెండు రెండున్నర నెలలు పెంచి అమ్మేస్తారు. దసరాకి నేను తెచ్చింది ఇదేనని తర్వాత అర్థమైంది. దీన్ని తినకూడదని కాదు. వేపుడికి బాగానే ఉంటుంది. కానీ పులుసుకు ఇది పనికిరాదు, నాటుకోడి ధర దీనికి ఇవ్వడం దండగ.

కడక్‌నాథ్ గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అది మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతపు కోడి, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మాంసం, ఎముకలు అన్నీ నల్లగా ఉంటాయి. కొవ్వు తక్కువ కాబట్టి మన పులుసులో ముక్క పొడిబారుతుంది. ఆ ధరకు రెండు మంచి పెరటి కోళ్లు వస్తాయి.

ఎవరూ సిఫారసు చేయని లేయర్ కోడి సంగతి కూడా చెప్పాలి. ఫారాల్లో ఏడాదికి పైగా గుడ్లు పెట్టి, ఇక గుడ్లు తగ్గాక అమ్మేసే పెట్టలు ఇవి. చవగ్గా వస్తాయి. మాంసం గట్టిగా ఉంటుంది, గంట ఉడికిస్తే పులుసు చిక్కగా దిగుతుంది. తిరిగిన కోడి రుచి ఉండదు, కొవ్వు ఎక్కువ, అది తీసేయాలి. చేతిలో డబ్బు తక్కువగా ఉండి పదిమందికి వండాల్సి వస్తే, నాటు పేరుతో అమ్మే సోనాలి కంటే లేయర్ నయం.

సంక్రాంతి రోజుల్లో గోదావరి జిల్లాల వైపు పందెంలో పోయిన పుంజును కోజ అంటారు. దాని మాంసం కోసం వేలకు వేలు పెట్టేవాళ్లున్నారు. బాదంపప్పు, జీడిపప్పు పెట్టి పెంచిన కోడి కాబట్టి రుచి వేరే అంటారు. కోడి పందేలు చట్టవిరుద్ధం, అది ఒకటి. పందేనికి ముందు దానికి ఏ మందులు పెట్టారో కొనేవాడికి తెలియదు, అది రెండోది. నా మట్టుకు నేను ఎప్పుడూ కొనను, ఎవరికీ చెప్పను.

కోడి చేతికి వచ్చాక చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. రొమ్ము ఎముక చివర వేలితో నొక్కండి. మెత్తగా వంగితే లేతది, గట్టిగా నిలబడితే ముదిరింది. పుంజు అయితే కాలి వెనక ముల్లు చూడండి. శనగగింజంత ఉంటే ఏడాది లోపుది, పొడుగ్గా సూదిలా వస్తే బాగా ముదురు. నేల గీరి తిరిగిన కోడి గోళ్లు అరిగి మొద్దుగా ఉంటాయి. షెడ్డులో పెరిగినదాని గోళ్లు పొడుగ్గా, శుభ్రంగా ఉంటాయి. మెడ వాల్చి కునుకుతున్నది, పచ్చగా విరేచనం అంటుకుని ఉన్నది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. కొక్కెర తెగులు వచ్చిందంటే పల్లెలో కోళ్లన్నీ రోజుల్లో పోతాయి, ఆ భయంతో సంతలో తెగనమ్మేవాళ్లు ఉంటారు.

ధర దగ్గర ఇంకో మాట. కొందరు బతికున్న కోడి బరువుకు రేటు చెప్తారు, కొందరు కోసిన మాంసానికి చెప్తారు. కిలోన్నర కోడి కోయిస్తే చేతికి వచ్చేది ఇంచుమించు కిలో. ఈ లెక్క వేయకుండా రెండు చోట్ల రేట్లు పోల్చితే మోసపోతాం. కోయించేటప్పుడు చర్మం తీయొద్దని, పసుపు రాసి కాల్చి ఇమ్మని చెప్పండి. ఆ కాలిన వాసన లేకపోతే నాటుకోడి సగం పోయినట్టే. గ్యాస్ మంట మీద కంటే గడ్డి మంట మీద కాల్చినది మేలు. అది పల్లెలోనే కుదురుతుంది.

ఇక ఎక్కడ కొనాలి? మీకు పల్లెలో చుట్టాలుంటే వాళ్లకు డబ్బిచ్చి కొనమనండి, ఊరికే తెచ్చుకోవద్దు. పెరటి కోళ్లు ఆ ఇంటి ఆడవాళ్ల చేతి ఖర్చు. చుట్టాలు లేకపోతే వారపు సంత తర్వాతి దారి. పొద్దున్నే వెళ్తే నాలుగైదు కోళ్లు చంకన పెట్టుకుని వచ్చిన మనుషులు కనిపిస్తారు, వాళ్ల దగ్గర కొనండి. పెద్ద బుట్టలతో, ఒకే సైజు కోళ్లతో కూర్చున్నవాళ్లు వ్యాపారులు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు నేను ఒక్కటే అడుగుతాను: "ఇది ఏ నెలలో పొదిగిన కోడి?" రైతు అయితే వెంటనే చెప్తాడు. మధ్యవర్తి అయితే "ప్యూర్ నాటు సార్" అని మొదలుపెడతాడు.

కారం

డబ్బు పెట్టాల్సిన రెండో చోటు ఇదే. గుంటూరు సన్నం, తేజ, చపాటా, ఈ మూడే మనకు ముఖ్యం. సన్నంలో ఘాటు, రంగు, వాసన సమంగా ఉంటాయి. తేజ బాగా ఘాటు, ఖమ్మం వైపు ఎక్కువ పండిస్తారు. పులుసులో అదొక్కటే వేస్తే నోరు మండుతుంది తప్ప రుచి తెలియదు. చపాటా వరంగల్ వైపు పంట, పొట్టిగా లావుగా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. ఘాటు తక్కువ, రంగు చాలా ఎక్కువ. 2025లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను మూడు వంతులు సన్నానికి ఒక వంతు చపాటా కలిపి ఆడిస్తాను. రంగు కోసం కర్ణాటక బ్యాడిగి కొనేవాళ్లు మన చపాటా ఒకసారి వాడి చూడాలి, ఆ పని అదే చేసిపెడుతుంది.

ప్యాకెట్ కారానికీ, కాయలు కొని ఆడించుకున్న కారానికీ తేడా చెప్పాలంటే తాలు కాయల సంగతి చెప్పాలి. పండేటప్పుడు దెబ్బతిని తెల్లబడ్డ కాయలను తాలు అంటారు. రైతులు కాయలు అమ్మే మిర్చి యార్డులో వాటికి వేరే ధర, చాలా తక్కువ. పొడి అయిపోయాక అందులో తాలు ఎంతుందో ఎవరూ కనిపెట్టలేరు. కాయగా కొంటే కంటికి కనిపిస్తుంది. కోల్డ్ స్టోరేజీలో ఉంచిన పాత పంటను ఏసీ సరుకు అంటారు. రంగు బాగానే నిలుస్తుంది కానీ కొత్త పంట వాసన వేరు. జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త కాయలు కల్లాల్లో ఎండుతుంటాయి. కొనాల్సిన కాలం అదే.

రైతు ఒక టిక్కీ మొత్తం అమ్ముతాడు, అంటే నలభై కిలోలకు అటూ ఇటూ ఉండే బస్తా. ఒక ఇంటికి ఏడాదికి మూడు నాలుగు కిలోలు సరిపోతాయి. మా అపార్ట్‌మెంట్‌లో పది ఇళ్లవాళ్లం కలిసి ఒక టిక్కీ తెప్పించుకుంటున్నాం. యార్డులో రైతుకు పలికే ధర కంటే కొంచెం ఎక్కువే ఇస్తాం. అయినా మాకు షాపు ధర కంటే తక్కువకే పడుతుంది.

ప్రకృతి సేద్యంలో పండిన కాయలకు ఎక్కువ ఇవ్వాలా అంటే, మిగతా సరుకుల కంటే ముందు మిర్చికే ఇవ్వాలంటాను. మిరప మీద కొట్టినన్ని మందులు చాలా పంటల మీద కొట్టరు. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు రైతులు ఏది చెప్తే అది కొట్టి, అప్పులపాలై, చివరికి తోటలు పీకేశారు. పైగా మిరపకాయను మనం తొక్కతో సహా, కడగకుండా ఎండబెట్టి తింటాం. ప్యాకెట్ అయితే ఆర్గానిక్ సరుకుకు వేసే జైవిక్ భారత్ గుర్తు చూడండి. నేరుగా రైతు దగ్గరైతే ఆయన ఏమేం కొట్టాడో అడగండి. "ఒకట్రెండు సార్లు కొట్టానండీ" అని ఒప్పుకునే రైతు మీద నాకు ఎక్కువ నమ్మకం.

చింతపండు, టమాటా

పేరులో పులుసు ఉన్నా అందరి ఇళ్లలో చింతపండు వేయరు. కొందరు టమాటాతో సరిపెడతారు, కొందరికి ఉల్లిపాయ ముద్ద చాలు. మేము కిలో మాంసానికి ఉసిరికాయంత చింతపండు వేస్తాం.

రాయలసీమ వైపు హిందూపురం పెద్ద మార్కెట్. అక్కడ కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలుగా అమ్ముతారు. రెండోదానికి ధర తక్కువే ఉంటుంది సాధారణంగా. మన్యం చింతపండు ఇంకో దారి. గిరిజనులు అడవి చెట్ల నుంచి దులిపి తెచ్చినది, ఏ మందూ ఎరగని చెట్లు. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ దాన్ని కొని తన దుకాణాల్లో అమ్ముతుంది. పుల్లదనం గట్టిగా ఉంటుంది, గింజ, పీచు కొంచెం మిగిలి ఉంటాయి. ఆ పీచు తీసుకునే ఓపిక మీకుంటే మన్యం చింతపండే కొనండి. చేపల పులుసుకైతే కొత్త చింతపండు, కోడి పులుసుకు ఏడాది పాతబడి నల్లబడ్డది వాడతాం మేము. పాతది నెమ్మదైన పులుపు, మాంసం రుచిని మింగేయదు.

టమాటా వేసేవాళ్లు నాటు టమాటా వెతకండి. మదనపల్లె నుంచి లారీల్లో వచ్చే గట్టి తొక్క హైబ్రిడ్ నిల్వకు మంచిది, పులుసులో మాత్రం తొక్క తేలుతుంది, పులుపు చాలదు. రైతు బజారులో సొంత పొలం నుంచి గంపలో తెచ్చేవాళ్ల దగ్గర నాటువి దొరుకుతాయి.

మసాలా, నూనె

గసగసాలు మన నేల మీద పండవు. నల్లమందు మొక్క కాబట్టి మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు ఉన్న రైతులే పండించాలి. అది చాలక టర్కీ నుంచి దిగుమతి అవుతాయి. మన రైతుల సరుకుతోనే వండాలన్నది మీ పట్టుదల అయితే వాటిని వదిలేయొచ్చు. చిక్కదనానికి బదులు మూడు ఉన్నాయి. కోనసీమ ఎండుకొబ్బరి వేయించి నూరితే తియ్యటి కమ్మదనం వస్తుంది. వేయించిన వేరుశనగపప్పు సీమ పద్ధతి, రాగి సంగటితో తినేటప్పుడు అదే బాగుంటుంది. జీడిపప్పు మూడోది, కానీ పులుసును హోటల్ కూరలా చేస్తుంది, నాకు నచ్చదు. పలాస జీడిపప్పు అని రాసి ఉన్నంత మాత్రాన అది శ్రీకాకుళం వైపు ఉద్దానం తోటల పంట అని కూడా అనుకోవద్దు. బయటి దేశాల పిక్కలను కూడా అక్కడ పప్పు చేస్తారు. ఉద్దానం పిక్కేనా అని అడిగి కొనండి.

ధనియాలు మీ ఊరి కిరాణా కొట్టులో కొన్నా నష్టం లేదు, తాజాగా వేయించి దంచుకుంటే చాలు. గుంటూరు దగ్గరి లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) రకాలతో గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో పండినవి దొరికితే వాసన బాగుంటుంది. వెల్లుల్లి మన దగ్గర పండేది తక్కువ, ఎక్కువ భాగం మధ్యప్రదేశ్‌దే. దాని కోసం తిరగకండి. అల్లం జహీరాబాద్ వైపు, పాడేరు ఏజెన్సీలో పండుతుంది, పీచున్నా సరే వాటికే ఘాటు. దాల్చినచెక్క, లవంగం కేరళవి రెండు మూడు చాలు, నాటుకోడికి గరం మసాలా ఎక్కువైతే కోడి వాసన పోతుంది.

పసుపు మాత్రం పొడి కొనొద్దు, ఎండు కొమ్ములుగా కొనండి. దుగ్గిరాలలో కొమ్ములు అంటారు, నిజామాబాద్‌లో కాడి అంటారు. జనవరి నుంచి మార్చి లోపు రెండు కిలోలు కొని దంపించుకుంటే ఏడాది గడుస్తుంది. మెరిసేలా పాలిష్ చేసి రంగు అద్దినది కాకుండా, పైకి మట్టిరంగులో గరుగ్గా ఉన్నది చూడండి. విరిస్తే లోపల నారింజ రంగు కనిపించాలి. రెండు ఊళ్ల పసుపులో వంటకు పెద్ద తేడా నాకు తెలియలేదు, ఏది దగ్గరైతే అది.

ఉల్లిపాయలు కాలాన్ని బట్టి మార్చుకోవాలి. ఆగస్టు నుంచి నవంబరు దాకా కర్నూలు ఉల్లి వస్తుంది. నీరు ఎక్కువ, నిల్వ ఉండదు, కాబట్టి వారానికి సరిపడా కొని నూరేసుకోండి. ధర పడిపోయి రైతులు పొలంలోనే వదిలేసే పంట అది, ఆ రోజుల్లో మన ఉల్లి ఉండగా మహారాష్ట్రది కొనడం నాకు మనసొప్పదు. ఎండాకాలం తర్వాత నిల్వకు ఎలాగూ మహారాష్ట్ర ఉల్లే దిక్కు.

నూనె గానుగ వేరుశనగది. గానుగ దగ్గర నిలబడి ఆడించుకునే వీలుంటే అనంతపురం, కదిరి వైపు పల్లీలు అడగండి. కిలో మాంసానికి పట్టేది నాలుగైదు గరిటెలే, కాబట్టి ఖర్చుకు వెనకాడక్కర్లేదు.

ముందుగా చెప్పి ఉంచడం

అన్నీ ఒకేసారి మార్చలేకపోతే కోడితో మొదలుపెట్టండి. మామూలు షాపు కారం, మామూలు చింతపండుతో వండినా ఎనిమిది నెలల పెరటి కోడి పులుసు పులుసులాగే ఉంటుంది. ఎంత గొప్ప కారం వేసినా రెండు నెలల కోడితో అది రాదు. రెండో ఏడాది కారం మార్చండి, అది ఎలాగూ ఏడాదికి ఒక్కసారి కొనేదే.

బోనాలకు, దసరాకు, సంక్రాంతికి నాటుకోళ్ల ధర ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ వారంలోనే సోనాలి కోళ్లు నాటు పేరుతో ఎక్కువ అమ్ముడవుతాయి. సంక్రాంతికి కావాలంటే జూన్, జులైల్లో పొదిగిన పిల్లలు ఉన్న ఇల్లు ఒకటి చూసుకుని, నవంబరులోనే సగం డబ్బు ఇచ్చి చెప్పి ఉంచండి. మేము నిరుడు అలాగే చేశాం. కనుమ నాడు గారెల్లోకి వండిన పులుసు ఉడకడానికి గంటంపావు పట్టింది, మా పిల్లలు మొదటిసారి ఎముక చీకి పక్కన పెట్టారు.